అయిదు రాష్ట్రాల పెళ్లికొడుకు

నా చిన్నప్పుడు మా తాతయ్య అనుమానించని వస్తువంటూ మా ఊళ్లో మిగల్లేదు. పాలల్లో నీళ్లు కలిస్తే పాలవాడిని తిట్టేవారు. కలవని రోజున, ఎందుకు కలపలేదా అని మధ్యాహ్నం దాకా మథనపడేవారు. పొందూరు పంచె కొంటే అంచు నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో ముట్టించి, వాసన చూసి గానీ అది నూలని ఒప్పుకునేవారు కారు. గ్రహణం పట్టినా సరే, ఆకాశం వంక ఓరగా చూసి, సూద్దాం అనేవారు. శ్రీకాకుళం జిల్లాలో ఎక్కడ అబద్ధం పుట్టినా ముందుగా మా అరుగు మీదికొచ్చి పరీక్షకు నిలబడి వెళ్తుందని అప్పట్లో నా గట్టి నమ్మకం.

అందుకే పక్కింటి అక్కకు సంబంధం వచ్చినప్పుడు, వాళ్ల నాన్న పెళ్లికొడుకును తెచ్చి మా అరుగు మీద తాతయ్య ఎదుట కూర్చోబెట్టారు. ఈయన సరేనంటే తాంబూలాలు పుచ్చుకోవడం, కాదంటే కాఫీలు తాగి లేచి వెళ్లిపోవడం. అక్క మాత్రం మా ఇంట్లో దూరి, కిటికీ సందులోంచి అబ్బాయిని చూసేసి, నచ్చాడని మా అమ్మ చెవిలో చెప్పేసింది. అక్కకు నచ్చడంతోనే ఏ పెళ్లీ కుదిరే రోజులు కావవి.

పెళ్లికొడుకుది సోంపేట వైపు. ఓడల్లో పని. మా వీధి తలుపులో దూరాలంటే పక్కకు తిరగాల్సినంత వెడల్పు భుజాలు. లంగరు వేయడానికి గొలుసుతో పని లేకుండా ఈయనే పట్టుకుని నిలబడతాడేమో అనిపించింది. ఎక్కడెక్కడ తిరిగావని తాతయ్య అడిగినందుకు పాపం అమెరికా సంగతి ఎత్తుకున్నాడు. న్యూయార్కు రేవులో ఓడ మరమ్మతుకు ఆగిపోతే, వర్జీనియా రేవులో వేరే ఓడ ఎక్కమని తనను వ్యానులో పంపారట. తెల్లవారగానే బయలుదేరితే చీకటి పడేలోగా అయిదు రాష్ట్రాలు. న్యూయార్కు, న్యూజెర్సీ, డెలావేరు, మేరీల్యాండు, వర్జీనియా అని వేళ్లు మడిచి చూపించాడు.

అరుగు మీద చేరిన పెద్దలు తామూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు. మాకు తెలిసిన రాష్ట్రపు సరిహద్దు ఒక్కటే, ఇచ్ఛాపురం అవతలిది. అక్కడ లారీల వరస ఎంత పొడుగంటే, తోకలో ఉన్న డ్రైవరు నున్నగా గడ్డం గీసుకుని ఇంజను తిప్పితే, గేటు దగ్గరికి చేరేసరికి సన్యాసిలా దిగేవాడు. అది దాటగానే బోర్డుల మీది అక్షరాలన్నీ గొడుగులు వేసుకుంటాయి. టీ కొట్టువాడు ఒడియాలో పలకరిస్తాడు. రాష్ట్రం మారడమంటే మా దృష్టిలో అదీ. బండి ఆగాలి, భాష మారాలి. ఈ రెండూ జరక్కుండా రాష్ట్రం దాటానన్నవాడు, తడవకుండా సముద్రంలో మునిగొచ్చానన్నవాడితో సమానం.

తాతయ్య చుట్ట పక్కన పెట్టారు. ఎక్కడెక్కడ బండి ఆపారని మెత్తగా అడిగారు. ఎక్కడా ఆపలేదన్నాడు అబ్బాయి. పోనీ భాష ఎన్నిసార్లు మారిందన్నారు. అంతటా ఇంగ్లీషేనన్నాడు.

"బండి ఆపనేదు, బాస మారనేదు. అవి రాష్ట్రాలేటి బాబూ, ఊళ్లో ఈదులు గానీ," అన్నారు తాతయ్య.

ఇక అరుగు మీది పెద్దలంతా తలో చెయ్యి వేశారు. ఇతగాడు కొత్తవలసలో రైలు మారడం కూడా ఎరగడని ఒకాయన గొణిగాడు. దారి గురించే ఇన్ని కోతలు కోసినవాడికి బొంబాయిలో ఇంకో సంసారం ఉండదని నమ్మకమేమిటని మరొకాయన. నేనైతే ఆ సంసారంలో ముగ్గురు పిల్లల్నీ, ఒక తెల్ల కుక్కనూ అప్పటికప్పుడు కళ్లారా చూశాను. అక్క నాన్న తాంబూలం పళ్లేన్ని చప్పుడు కాకుండా తాతయ్య మంచం కిందికి జరిపారు. సంబంధం దాదాపు వీధి చివరికి చేరిపోయింది.

అప్పుడు కిటికీ వెనకనుంచి అక్క గొంతు వినబడింది.

"ఆ దారంతట్లో మీకు బాగోనిదేటి?"

పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు ప్రశ్న వేయడం మా వీధి ఏనాడూ ఎరగదు. చుట్టలు నోళ్లలోనే ఆరిపోయాయి. అబ్బాయి ముఖం కందగడ్డలా అయింది. తల దించుకుని, తువ్వాలు అంచు నలుపుతూ చెప్పాడు.

"సముద్రం నన్నేటీ సెయ్యదండి. కారో వ్యానో ఎక్కితేనే నాకు కడుపులో తిప్పుతాది. న్యూజెర్సీలో వాంతైపోనాది. మాత్రేసుకుని తొంగున్నాను. డెలావేరు నాను సూడనేదు. లేచీసరికి దాటిపోనాది."

అక్క పకపకా నవ్వింది. నవ్వు ఆపుకుని, "అబద్ధమాడీవోడు అన్నీ సూసీసినానంటాడు తాతా. ఓడలో పనిసేసీవోడు పెళ్లికూతురి ముందర వాంతి మాటెందుకు కల్పిస్తాడు?" అంది.

తాతయ్య వెంటనే లొంగితే తాతయ్య ఎలా అవుతారు. ఆ మాత్ర రంగేమిటి, నీళ్లతో వేసుకున్నావా, ఎవరిచ్చారు అని అబ్బాయిని చాలాసేపు పీక్కుతిన్నారు. ఆఖరికి వంగి మంచం కిందనుంచి పళ్లెం తానే లాగారు.

"వాంతి వరకూ నమ్ముతన్నాను. మిగతా రాష్ట్రాల సంగతి పెళ్లయ్యాక సూద్దాం," అన్నారు.

ఆ అబ్బాయి మాకు బావయ్యాడు. ఊరేగింపు కారు ముందర సీట్లో, కిటికీ అద్దం దించుకుని, అక్క ఇచ్చిన నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాడు. బొంబాయి సంసారం ఎంత వెతికినా దొరకలేదు. నేను ఊహించిన కుక్క గురించి మాత్రం నాకు కొన్నాళ్లు బెంగగా ఉండేది.

తాతయ్య అనుమానం నాకు ఆస్తిలా సంక్రమించింది. ఈ మధ్య భోగాపురంలో ఒక పెద్దమనిషి తన అమెరికా యాత్ర ఫోనులో గంటసేపు చూపించాడు. ఒక్క రోజులో ఎన్నో రాష్ట్రాలు దాటాడట. ఎక్కడా ఆకలి లేదు, కాళ్లనొప్పి లేదు, భార్యతో తగువు లేదు, ప్రతిచోటా ఎండ ఆయన ముఖం మీదే పడుతోంది. నేను తాతయ్యలా పోగు లాగి వెలిగించలేదు. అక్కలా, బాగోనిదేమిటని మాత్రం అడిగాను. అలాంటిదేదీ లేదన్నాడు. కాఫీ తాగేసి వచ్చేశాను.

ఎవరు ఏ గొప్ప చెప్పుకున్నా ఇప్పటికీ ఆ ప్రశ్నే వేస్తాను. చాలామంది నవ్వి తప్పించుకుంటారు. ఎప్పుడో ఒకరు తల దించుకుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నములుతారు. అప్పుడు నా కుర్చీ వాళ్ల దగ్గరికి జరుపుకుంటాను.