అల్లూరు తీరంలో రోమన్ నాణెం కోసం ఒక పూట

పన్నెండేళ్లుగా రోమన్ చక్రవర్తుల నాణేలు సేకరిస్తున్నాను. అన్నీ వేలంలో కొన్నవే. మన నెల్లూరు మట్టిలో దొరికింది ఒక్కటీ లేదన్న వెలితి మాత్రం పీకుతూనే ఉండేది. పోయిన వారం, అల్లూరులో రొయ్యల మేత అమ్మే స్నేహితుడు ఒక ఫొటో పంపాడు. రొయ్యల గుంట తవ్వుతుంటే పోలయ్య అనే జాలరికి దొరికిన వెండి నాణెం అది. పక్కకు తిరిగిన ముఖం, తలపై ఆకుల కిరీటం, చుట్టూ అక్షరాలు, ఏదీ చెక్కుచెదరలేదు. వెంటనే పోలయ్యకు ఫోన్ చేసి, "అన్నా, వచ్చే ఆదివారం వస్తా. అప్పటిదాకా ఎవరి కంటా పడని చోట దాచు" అన్నాను. భూమిలో దొరికినవి ప్రభుత్వానికి అప్పగించాలని నాకు తెలుసు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

ఆదివారం నెల్లూరులో ఆరున్నర బస్సెక్కాను. అల్లూరుకు గంటకు పైనే పడుతుంది. ఆగిన ప్రతి స్టాపులోనూ డ్రైవరు మీద లోపల్లోపల విసుక్కున్నాను. టిఫిన్ కూడా చెయ్యకుండా, సముద్రం ఒడ్డు పల్లెకు రెండు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. "ఏంది సార్, గుంటలు లీజుకు తీసుకునేదానికి వచ్చినారా?" అని అడిగాడు ఆటో అతను. చుట్టాలింటికని అబద్ధమాడాను.

తొమ్మిదికి చేరేసరికి పోలయ్య ఇంట్లో లేడు. "వల ఎత్తుకోని పొయ్యినాడు సామీ, వచ్చేస్తాడులే" అంటూ ఆయన భార్య రమణమ్మ టీ ఇచ్చింది.

"నాణెం ఇంట్లోనే ఉందా అక్కా?"

"యాడ పెట్టినాడో నాకే చెప్పలా. మీరు దాచమన్నారంట గదా!"

కాలుకాలిన పిల్లిలా ఒడ్డున గంటన్నర తిరిగాను. చివరికి పోలయ్య వచ్చాడు, భుజాన విసురువలతో. నన్ను చూసి నవ్వి, వల అంచు తడుముతూ, బరువు కోసం కట్టిన సీసం గుండ్ల మధ్యనుంచి ఒకదాన్ని పైకెత్తాడు.

"ఇంట్లో పెడితే పిల్లోళ్లు తీస్తారు సార్. ఈ వల నేను తప్ప ఎవురూ తాకరు. మీరు చెప్పినట్టే దాచినా."

నా నాణెమే. దారం కట్టడానికి మేకుతో సరిగ్గా చక్రవర్తి చెంప మీద బెజ్జం వేశాడు. ఇసుక రాపిడికి అక్షరాల మీద గీతలు పడ్డాయి. అతని మీద కోపం రాలేదు, నా మీద నాకే సిగ్గేసింది.

నా ముఖం చూసి, "తప్పు చేసినానా సార్?" అన్నాడు.

"నువ్వు కాదన్నా, నేను" అని అసలు సంగతి చెప్పాను.

"ఆ మాట అప్పుడే చెప్పుంటే ఆ పొద్దే ఆఫీసులో ఇచ్చేసుందును గదా!" అన్నాడు.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఎన్నో వందల ఏళ్లు మట్టి కాపాడిన ముఖాన్ని నా ఆత్రం ఒక్క వారంలో పాడుచేసింది. నాణేల కోసం ఇటు వచ్చేవారికి ఒకటే సలహా: దొరికినవాళ్లను దాచమనకండి, కడగమనకండి. ఫొటో తీసుకుని, తహసీల్దారు ఆఫీసులో అప్పగించమనండి.

మర్నాడు ఇద్దరం కలిసి ఆ ఆఫీసుకు వెళ్లాలనుకున్నాం. ఆటో ఎక్కుతుంటే పోలయ్య దిగులుగా అడిగాడు. "బెజ్జం ఎవురేసినారని అడిగితే ఏం చెప్పేది సార్?"

"నా పేరు చెప్పన్నా" అన్నాను.