ఓర్వకల్లు గది కోసం పెట్టని సంతకం

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను కర్నూలు దూరవిద్య ప్రాంతీయ కేంద్రంలో సహాయ సంచాలకురాలిగా వేశారు. అప్పటికే పదవీ విరమణ దగ్గరపడింది. నాకు అప్పగించిన పని భాగస్వామ్య గ్రాంటు. పల్లెలో అధ్యయన కేంద్రానికి స్థానిక సంస్థ గది ఇవ్వాలి. పుస్తకాలు, అధ్యాపకులు మా బాధ్యత. కంప్యూటర్లకు, ఇంటర్నెట్‌కు, భత్యాలకు ప్రభుత్వం నిధులిస్తుంది. కేంద్రం ఎక్కడ పెట్టాలో సిఫారసు చేసి సంతకం పెట్టాల్సింది సహాయ సంచాలకులు.

ఓర్వకల్లు దగ్గరి ఒక పల్లెలో చర్చి సంఘం తమ మందిరం పక్క గదిని ఇస్తామంది. చేరాలనుకున్నవాళ్లలో ఎక్కువమంది ఇంటర్‌తో చదువు ఆగిపోయి కూలికి పోతున్న ఆడవాళ్లు. అదే గ్రాంటుకు కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులోని ఒక ప్రైవేటు కాలేజీ కూడా పోటీకొచ్చింది. పల్లెవాళ్లనే చేర్చుకుంటుంది, కానీ తరగతులు తన భవనంలో పెడుతుంది. మా సంచాలకులు అటే మొగ్గారు. చర్చి ఆవరణ అంటే రేపు ఎవరైనా అభ్యంతరం చెబుతారన్నారు. గది అందరికీ తెరిచి ఉండాలన్నదే నియమమని చెప్పి, తనిఖీ సంఘాన్ని పల్లెకు తీసుకెళ్లాను. సంచాలకులూ వచ్చారు.

ఎవరూ అడగకముందే చర్చి సంఘ పెద్ద అందుకున్నాడు. "మందిరం మాది సార్, గది ఊరందరిదీ. ఈరన్న పెండ్లాం బొట్టు పెట్టుకొనే వస్తాది. ఎవురన్నా వద్దంటిమా?"

కల్లూరుకు షేర్ ఆటోలున్నాయి కదా అన్నారు సంచాలకులు. మిరప చేను నుంచి నేరుగా వచ్చిన రూతమ్మ లేచి నిలబడింది.

"ఆటోలు ఉండాయి సార్. ఎక్కితే ఆ పొద్దు కూలి పోతాది. దూరవిద్య అంటే చదువు మా కాడికి వస్తాదనుకుంటిమి. మమ్మల్నే దూరం రమ్మంటాండారే?"

ఆయన గొంతు పెంచారు. ఆమె కూర్చోలేదు.

మరుసటి వారం కల్లూరు సిఫారసు నా బల్ల మీదికొచ్చింది. రిటైరయ్యే ముందు ఈ తలనొప్పి మీకెందుకని సంచాలకులు నెమ్మదిగానే అన్నారు. నేను సంతకం పెట్టలేదు. ఏకీభవించడం లేదని కారణాలతో ఫైలు మీద రాశాను. నన్ను బద్వేలుకు బదిలీ చేశారు. తగాదా తేలక ఆ ఏడాది గ్రాంటు ఎవరికీ దక్కకుండా వెనక్కి పోయింది. పల్లెలో కొందరు నన్నే తిట్టారు. "కల్లూరులోనన్నా దొరికేది గదమ్మా, పంతానికి పోయి పోగొడితిరి" అని ఒకావిడ ముఖం మీదే అంది.

రూతమ్మ మాత్రం ఫోన్ చేసి ఒకటే అడిగింది. "పాఠాలు ఎవురు చెప్తారు మేడమ్?"

నేనే చెప్పాను. ఆదివారాలు బద్వేలు నుంచి బస్సెక్కి, ఆరాధన ముగిసే వేళకు చేరేదాన్ని. అనుమతి లేకుండా తరగతులు నడుపుతున్నానని మెమో వచ్చింది. సెలవు రోజున పాఠం చెప్పకూడదన్న నియమం చూపించమని బదులు రాశాను. ఎవరూ చూపించలేదు.

తర్వాతి విడతలో కొత్త తనిఖీ సంఘం వచ్చి, నిండుగా నడుస్తున్న తరగతిని చూసి ఆ గదికే గ్రాంటు ఇచ్చింది. రూతమ్మ అప్పుడు డిగ్రీలో చేరి, ఇంగ్లీషులో ఒకసారి తప్పింది. మళ్లీ రాసి డిగ్రీ పూర్తిచేసింది.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదీ: దూరవిద్యలో దూరం నడవాల్సింది సంస్థ. భాగస్వామి భవనం ఎంత గొప్పదో చూసేముందు, చదువుకునే మనిషి అక్కడికి కూలి పోగొట్టుకోకుండా రాగలదా అన్నది చూడాలి. నా మొండితనం వల్ల వాళ్లకు ఒక ఏడాది నష్టమైంది, కాదనను. అయినా ఆ సంతకం ఈ రోజు అడిగినా పెట్టను.