బొమ్మ వేలి మీద పంటి గాట్లు

సహోదరులారా, సహోదరీలారా, మా బిడ్డ ఎస్తేరును మట్టికి అప్పగించి వచ్చిన కొద్ది రోజులకే నేను మా ఆయనతో మాట మానేశాను, ముందుగా ఆ సంగతే మీతో చెప్పుకోవాలి.

మెదక్ బస్టాండు దగ్గరి సందులో మాది బొమ్మల రిపేరు దుకాణం, మా మామయ్య పెట్టింది. మా ఆయన చేతులూ కాళ్లూ అతికి రంగులు వేస్తాడు, నేను పక్కన కూర్చుని జుట్టు, గౌన్లు కుడతాను. విరిగిన బొమ్మ ఇంట్లో ఉండకూడదన్నది మామయ్య నేర్పిన పద్ధతి. ఐదేళ్ల ఎస్తేరు జ్వరంతో దవాఖానాలో ఉన్నన్ని రోజులూ తన బొమ్మ బొటనవేలు కొరుకుతూనే పడుకుంది, ఆ వేలి నిండా దాని చిన్న పంటి గాట్లే. బిడ్డ పోయాక, సంఘమంతా మమ్మల్ని ఓదార్చడానికి వచ్చిన ఆదరణ కూడిక నాడు మా ఆయన ఆ బొమ్మను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. కొత్త జుట్టు, కొత్త రంగు. వేలు నున్నగా ఉంది. గాట్లన్నీ లప్పం పెట్టి పూడ్చేశాడు. నాకు సంతోషం కలుగుతుందనే చేశాడు పాపం, కానీ నా బిడ్డను రెండోసారి పూడ్చినట్టే అనిపించింది నాకు.

అన్నం పెట్టేదాన్ని, దుకాణంలో పక్కనే కూర్చునేదాన్ని, మాట మాత్రం లేదు. "తిట్టన్న తిట్టవే," అని బతిమాలేవాడు. వానాకాలమంతా అట్లాగే గడిచిపోయింది.

క్రిస్మస్ దగ్గర పడ్డాక మా పాస్టరమ్మ పశువుల పాకలో పెట్టే బాలయేసు బొమ్మను తెచ్చింది, దాని చెయ్యి ఊడిపోయింది. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఆమెకే తిరిగి ఇచ్చేశాడు. "నా చేతులు ఆడ్తలేవమ్మా. ఏది దిద్దితే ఏది పోతదో అని భయమైతుంది. వేరే తాన చూపియ్యుండ్రి," అన్నాడు.

సూది నా చేతిలోనే ఆగిపోయింది. బిడ్డను పోగొట్టుకున్నది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది నాకు, అక్కడే గుడ్డముక్కల మధ్య మోకాళ్లూని ప్రార్థించాను. "ప్రభువా, నాకు మస్తు కోపమున్నది. ఆ బరువు మోసుడు నాతోని అయితలేదు. నువ్వే తీసుకో, నా నోరు తెరువు."

లేచి పాస్టరమ్మ దగ్గర బొమ్మ అందుకుని మా ఆయనతో, "భుజం నేను పట్టుకుంట, మీరు అతుకుండ్రి," అన్నాను. అన్ని నెలల తర్వాత అదే నా మొదటి మాట. ఆయన నా చేతుల మీద తల పెట్టి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, పాస్టరమ్మ కూడా ఏడ్చింది.

ప్రియులారా, దేవుడు నా బిడ్డను తిరిగి ఇవ్వలేదు. కొన్ని ఉదయాలు ఇప్పటికీ లేవబుద్ధి కాదు. మీ ఇంట్లో కూడా ఎవరితోనైనా మాట పూడుకుపోయి ఉంటే ఆ బరువు ప్రభువు దగ్గర దించుకోండి, ఆయన తోసిపుచ్చడు. ఒకప్పుడు మేము ఒకే కప్పు కింద వేరువేరుగా ఏడ్చేవాళ్లం. ఇప్పుడు కలిసి ఏడుస్తున్నాం, దేవునికే మహిమ.