ఐసు కట్టుకుని గుండెత్తబోయిన మా నాయన

మా చిన్నప్పుడు... ఉగాది మరుసటి రోజు మా ఊరి చావిడి ముందు గుండు ఎత్తే పందెం జరిగేది. బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా వచ్చేవారు. నున్నటి రాతిగుండు... వేళ్ళ పట్టు లేకపోతే ఎంత కండ ఉన్నా దండగే.

మూడేళ్ళు వరసగా ఎత్తింది మా నాయనే. నాలుగోసారీ ఎత్తితే చావిడి గోడ మీద పేరు రాయిస్తామన్నారు. ఆ పేరు కోసం ఆయన పడిన ఆరాటం ఇంతా అంతా కాదు.

మాకు సోడా అంగడి మామ ఒకడుండేవాడు. అనంతపురంలో ఆరు నెలలుండి వచ్చినందుకే సర్వజ్ఞుడైపోయాడు... సోడా కొట్టడం తప్ప ఇంకేదీ చేతకాదు.

"ఐసు పెట్టుకో బావా, కండ రాయి మాదిరి బిగుసుకుంటాది. బిగుసుకుంటే బలమే కదప్పా!" అన్నాడు.

"చన్నీళ్ళు తగిల్తేనే చేతులు కొంకర్లు పోతాయి. ఐసు యాడిదిరా? ఉప్పు కాపడం పెట్టుకో" అని మా అవ్వ మొత్తుకుంది. ముసలిదాని మాట వింటే మగవాడెట్లా అవుతాడు!

పందేనికి ముందు అరగంట... గోనెపట్టాలో ఐసుగడ్డలు చుట్టి రెండు చేతులకూ కట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. పిలుపు రాగానే లేచాడు. గుండు మోకాళ్ళ దాకా వచ్చింది... వేళ్ళు జారిపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి నేల కూడా వదల్లేదు.

జనం విరగబడి నవ్వారు. "బావకు వయసైపోయినాదిలే" అన్నాడు మామ, సిగ్గులేకుండా!

ఇంటికొచ్చాక అవ్వ తిట్టుకుంటూనే కాపడం పెట్టింది. గంట తిరక్కుండా, విత్తనం శెనక్కాయల మూటను ఒక్క ఊపున భుజానికెత్తాడు నాయన. ఏం లాభం? చూడ్డానికి అవ్వా నేనూ తప్ప ఎవరున్నారు?

చల్లదనానికి కండ మొద్దుబారుతుంది, వెచ్చబడితే మళ్ళీ పట్టొస్తుంది. అక్షరం రాని అవ్వకు తెలిసింది ఇది. ఇప్పుడు జిమ్ము వీరులు బరువులెత్తే ముందు ఐసు తొట్లో కూర్చుని వీడియోలు పెడుతున్నారు... నెత్తి మీద పెట్టుకోండప్పా, అక్కడే అవసరం!

నాయన మళ్ళీ ఆ గుండు ముట్టలేదు. బలం తగ్గి కాదు... ఆ నవ్వుకు. ఆ రోజు అందరితో కలిసి నేనూ నవ్వాను, ఆయన నా వైపు చూశాడు కూడా.

ఇప్పుడు మా ఊళ్ళో పందెమూ లేదు, ఎత్తేవాళ్ళూ లేరు. మీ ఊళ్ళో చివరిసారి గుండెత్తింది ఎవరో గుర్తుందా? ఓడిపోయిన రోజు ఆయన్ను చూసి మీరేం చేశారో కూడా రాయండి...