బస్తాలో చెయ్యి ఎంత లోతుకి

1984 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక మిర్చి యార్డులో జూనియర్ గ్రేడరుగా చేరాను. హోదా చిన్నది, చేతి మంట మాత్రం సీనియర్లతో సమానం. వేలానికి ముందు ప్రతి రైతు సరుకులో ఒక బస్తా విప్పి, చెయ్యి దూర్చి, గుప్పెడు కాయ తీసి చూడాలి. గింజ గలగలమంటే ఎండినట్టు. కాయ మెత్తగా వంగితే చీటీ మీద ‘తడి’ అని రాస్తాం. ఆ సరుకు ఆ రోజు వేలానికి వెళ్ళదు. పైగా ఆ రైతు పేరు వ్యాపారులు సీజనంతా గుర్తుపెట్టుకుంటారు.

చేరిన రోజే సీనియర్ గ్రేడరు సాంబశివరావు గారు ఒక సూత్రం చెప్పారు: ప్రకాశం వాళ్ళు తూకం కోసం నీళ్ళు చల్లుతారు, మనవాళ్ళు చల్లరు. నాదీ గుంటూరు జిల్లాయే కాబట్టి రుజువు అడగలేదు.

ప్రకాశం జిల్లా మార్టూరు వైపు నుంచి సుబ్బారావు అనే రైతు వచ్చేవాడు. నా ఈడువాడే. యార్డు మొత్తం మీద నా జోకుకి జోకు తిరిగిచ్చింది అతనొక్కడే. అతని ట్రాక్టరు వచ్చిన రోజు ఘాటుకి తుమ్ములు కూడా తక్కువ వచ్చేవి.

మూడోసారి వచ్చినప్పుడు అతని బస్తాలో చెయ్యి పెట్టాను. అడుగున కాయ వంగింది.

“ఏమయ్యా, మీ జిల్లాలో బస్తాలకి కూడా కుళాయి కనెక్షన్ ఇస్తున్నారా?” అన్నాను.

“మాకు తాగడానికే నీళ్ళు లేవండీ. ఉంటే మిరపకాయల మీద ఎందుకు పోస్తాం?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు.

“నా బస్తాలో మోచేయి దాకా పెట్టారు. ఇందాక మీ జిల్లా పెదకాకాని ఆయన బస్తాలో మణికట్టు దాకే పెట్టారు కదండీ” అన్నాడు.

నేను ఇంకో జోకు వేసి, ‘తడి’ అని రాశాను. అతను బస్తా మూతి తనే కుట్టుకుని, సరుకంతా ట్రాక్టరెక్కించి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పెదకాకాని బస్తాలో మోచేయి దాకా పెట్టి చూశాను. అదే మెత్తదనం. వేలం కోసం ముందురోజే దించి, రాత్రంతా యార్డు సిమెంటు నేల మీద ఉంచిన బస్తాకి అడుగున చెమ్మ పడుతుంది; చెమ్మ జిల్లా అడగదు. ఆ మాట సాంబశివరావు గారికి చెప్పాను.

“మనవాళ్ళ బస్తాలో అంత లోతుకి నిన్నెవడు పెట్టమన్నాడ్రా?” అన్నారు.

మర్నాటి నుంచి అందరి బస్తాల్లోనూ ఒకే లోతుకి పెట్టాను. రెండు జిల్లాల సరుకూ ఒకేలా ఉంది.

సుబ్బారావు మళ్ళీ రాలేదు. వేరే యార్డుకి తోలుతున్నాడని విన్నాను. రిటైరయ్యేదాకా, మార్టూరు ట్రాక్టరు ఏది వచ్చినా ముందు బస్తాలు కాదు, దిగిన మనిషి మొహం చూసేవాణ్ణి. అతనికి చెప్పాల్సిన మాట ఒకటుండేది. అందులో జోకు లేదు.

ఉద్యోగం నేర్పింది ఇది: తడి ఉందని రాసేముందు, చెయ్యి ఎంత లోతుకి వెళ్ళిందో కూడా రాయాలి. మా చీటీలో దానికి గడి లేదు.