జతలు కట్టించిన మాస్టారు

జి.మాడుగుల ఆశ్రమ పాఠశాలలో మా సైన్సు మాస్టారు డీఎన్‌ఏను బోర్డు మీద గీసేవారు కాదు. మా మెడల్లో డీఎన్‌ఏ అక్షరాలైన ఎ, టి, జి, సి అట్టలు వేలాడదీసి, ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబెట్టేవారు. "ఎ చెయ్యి టి పట్టుకోవాల, జి చెయ్యి సి పట్టుకోవాల. బేగి!" అని అరిచేవారు. కొట్టుకున్న పిల్లలకైనా మినహాయింపు లేదు.

ఓసారి మా తరగతి పిల్లకు రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బని రక్తపరీక్షలో తేలింది. వాళ్ల నాన్న పెట్టె సర్దించి, "ఇది తల్లి వంశం రోగం. ఇంటికి తీసుకుపోతాను," అన్నాడు. పక్కనే తల్లి తలదించుకుంది.

మాస్టారు వెంటనే మమ్మల్ని నిలబెట్టారు. ఎ అయిన నన్నూ, నా జత టినీ అటూ ఇటూ మార్చారు.

"ఎ ఉండాల్సిన సోట టి వచ్చింది. అదే రోగం. ఇలాటి జంటవరస తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి వస్తాది. రెండింట్లోనూ తప్పుంటేనే ఈ జబ్బు."

"అంటే నాదీ సగముందేటి, మాస్టారూ?" అన్నాడు తండ్రి.

"సరిగ్గా సగం, బాబూ."

తండ్రి తన భార్య చేతిలోని పెట్టె అందుకుని, తిరిగి హాస్టల్లోకి నడిచాడు. మందులిచ్చే ఆసుపత్రి దారి చెప్పడానికి మాస్టారు ఆయన వెనకే పరుగెత్తారు.