మళ్లీ రాయనా, మాననా

ఆ రోజుల్లో మా బొగ్గుగనుల కాలనీలో ఇంటర్ అయిపోయిన పిల్లలను 'బాగున్నవా' అని ఎవరూ అడిగేవారు కాదు, 'మళ్ల రాస్తున్నవా' అనే అడిగేవారు. రాయడమంటే నీట్ రాయడమని విడిగా చెప్పనక్కర్లేదు. నాకు వచ్చిన మార్కులు ఎంబీబీఎస్ సీటుకు చాలవు, అలాగని ఆశ వదులుకునేంత తక్కువా కావు. (సున్నా వచ్చినా బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను, అంత అదృష్టం కూడానా.) కరీంనగర్‌లో డిగ్రీ సీటు వచ్చింది, సోమవారం చేరాలి. అదే సోమవారం, అదే కరీంనగర్‌లో, మళ్లీ రాసేవాళ్ల కోసం ఏడాది కోచింగ్ మొదలు. ఎక్కాల్సిన బస్సు ఒకటే, దిగాక ఎటు నడవాలన్నదే నా పరేషాన్.

ఆ వారమంతా నేను ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. పొద్దున రాద్దామనిపించి పెట్టెలో ఫిజిక్స్ పుస్తకాలు సర్దేదాన్ని. మధ్యాహ్నానికి వద్దనిపించి, వాటిని తీసేసి కాలేజీకని కుట్టించిన చుడీదార్లు పెట్టేదాన్ని. సాయంత్రానికి చుడీదార్లు బయట, పుస్తకాలు లోపల. అవ్వ (మా ఇళ్లలో అమ్మను అవ్వ అనే పిలుస్తాం) చూసి చూసి, "గీ పెట్టె సదురుట్లనే ఏడాది గడుపుతవా ఏందే? గిట్లయితే ముందుగాల పెట్టెకే సీటొస్తది" అంది.

మా బాపు గనిలో సర్దార్. పనివాళ్లు లోపలికి అడుగు పెట్టకముందే కర్రతో పైకప్పును తట్టి, చప్పుడు విని, అది గట్టిగా ఉందో బోలుగా ఉందో చెప్పడం ఆయన పని. ఏళ్ల తరబడి అదే చేయడంతో మనుషులను కూడా అలాగే తట్టి చూడటం అలవాటైపోయింది. నన్ను కూర్చోబెట్టి మంచీచెడూ మాట్లాడింది లేదు. నేను పళ్లు తోముకుంటుంటేనో, బిందె ఎత్తుకుంటుంటేనో, ముద్ద నోట్లో పెట్టుకుంటుంటేనో హఠాత్తుగా "రాస్తవా బిడ్డా?" అనేవాడు. "రాస్త" అంటే తల కాస్త పక్కకు వంచి విని, "ఊఁ" అని డ్యూటీకి పోయేవాడు. మరునాడు "రాయను" అన్నా అదే తల, అదే "ఊఁ". చివరికి గురువారం నాడు నేనే నిలదీస్తే, "మాట కాదు బిడ్డా, సప్పుడు వినాలె. నీయి రెండూ బోలుగనే ఉన్నయి" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. గట్టి చప్పుడే కదా కావాలి, ఆ మాత్రం చేయలేనా అని, బాత్‌రూమ్‌లో నల్లా విప్పి "రాస్త బాపూ" అని సాధన మొదలుపెట్టాను. లావు గొంతుతో కొన్నిసార్లు, పళ్లు బిగించి కొన్నిసార్లు. మధ్యలో నల్లా ఆగిపోయిన సంగతి గమనించలేదు. (కాలనీ నీళ్లు చెప్పి ఆగవు.) పక్క క్వార్టర్ అత్తమ్మ (చుట్టం కాదు, గోడ కలిసింది కాబట్టి అత్తమ్మ) మొత్తం విని, "పోరి ఒక్కతే మాట్లాడుకుంటున్నది వదినా, జర ఎవలకన్న సూపియ్యిండ్రి" అని అవ్వకు చెప్పింది. అవ్వ మిరపకాయలతో దిష్టి తీసి, ఘాటు రాలేదు కాబట్టి ముమ్మాటికీ దిష్టే అని తేల్చింది.

శనివారం సాయంత్రం బాపు డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు. అడగకముందే పోయి ఎదురుగా నిలబడి, నా సాధనంతా కూడగట్టి "రాస్త బాపూ" అన్నాను.

బాపు తల ఎత్తలేదు. "గిది నేర్చుకున్న సప్పుడు" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. "నాకు భయమైతుంది బాపూ. మళ్ల గిన్నే మార్కులొస్తే మొఖం యాడ పెట్టుకోవాలె? రాయకుంటేనేమో డాక్టరమ్మలను సూసినప్పుడల్లా కడుపు కాలుతది. నేనేం జెయ్యాలె?"

బాపు విప్పుతున్న లేసు వదిలేసి, తల పక్కకు వంచి విన్నాడు. "గిది గట్టిగున్నది" అన్నాడు.

"ఏది, భయమా?"

"భయం గట్టిదే, ఆశ గట్టిదే. భయం లేనోన్ని మేం బొగ్గు బాయిలకు ఎంబడి తీస్కపోం బిడ్డా. పో, పుస్తకాలు సదురుకో."

సర్దుకున్నాను. (అవ్వ వాటి మీద చుడీదార్లు కూడా పెట్టింది. కోచింగ్‌కు పోయేవాళ్లకూ బట్టలు కావాలని వారం రోజుల్లో ఒక్కసారీ నాకు తట్టలేదు.)

ఏడాది చదివి రాశాను. పదకొండు మార్కులు పెరిగాయి, సీటు రాలేదు. నేను భయపడ్డదే జరిగింది, అయినా మొఖం ఉన్నచోటే ఉంది. వద్దనుకున్న ఆ డిగ్రీ కాలేజీలోనే నాకన్నా చిన్నవాళ్ల పక్కన కూర్చుని చదివి, ఇప్పుడు ఇచ్చోడ దగ్గర ఒక బడిలో సైన్స్ చెబుతున్నాను. మొన్న జ్వరమొచ్చి ఆస్పత్రికి పోతే, డాక్టర్ కుర్చీలో కోచింగ్ హాస్టల్‌లో నా పక్క మంచం అమ్మాయి కూర్చుని ఉంది. నాడి చూస్తూ, "అక్కా, నువ్వు మూడోసారి రాస్తే సీటు వస్తుండె కావచ్చు" అంది. "ఏమో" అన్నాను. కడుపు కాలలేదంటే అబద్ధమవుతుంది, కొంచెం కాలింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కుదురుగా కూర్చోలేక, నీట్‌కు వయసు పరిమితి ఉందేమో అని ఫోన్‌లో వెతికాను. లేదట. ఇంట్లో మూడేళ్ల కొడుకున్న టీచరమ్మను, నాకిదేం పిచ్చి అని నవ్వుకుని ఫోన్ సంచిలో పడేశాను. ఊరు వచ్చేలోపు ఇంకోసారి తీసి చూశాను.